ఇంజను అందుకుంటే ఓడిపోయాననుకున్నాను

నా బండిలో ఇంజను అందుకున్న ప్రతిసారీ మనసు కలుక్కుమనేది. ఇంజను ఉన్న బండే కావాలని కొన్నాను. డబ్బు కట్టింది దానికి కూడా. అయినా అది పనిచేస్తే ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడేవాణ్ణి. ఒక చలికాలమంతా అలాగే గడిపాను. నన్ను నమ్మి బండెక్కినవాళ్లను ఇబ్బంది పెట్టాను, ఒకరోజు ప్రమాదం అంచుదాకా తీసుకెళ్లాను. ఇది చెప్పుకోవడానికి చాలాకాలం సంకోచించాను. కానీ న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్లు కరెంటు మీదా పెట్రోలు మీదా నడిచే ఇలాంటి బండ్లు కొంటున్నారు. భోజనాల దగ్గర వాళ్లు మాట్లాడుకునే మాటల్లో నా పాత మాటలే వినిపిస్తున్నాయి. అందుకని రాస్తున్నాను.

నాది టొయోటా ప్రియస్ ప్రైమ్, 2023 మోడల్. వెనక తలుపు పైకి లేచే హ్యాచ్‌బ్యాక్. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ కలిసి లాగే హైబ్రిడ్ బండ్లలో పెద్ద ఎత్తున తయారైన మొదటిది ప్రియస్. 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. దానికి ప్లగ్గు పెట్టి 2012లో అమెరికాలో అమ్మినప్పుడు బ్యాటరీ మీద 11 మైళ్లు పోయేది. 2017 మోడల్‌కు ప్రైమ్ అని పేరు పెట్టాక 25 మైళ్లయింది. నా బండి బ్యాటరీ సామర్థ్యం 13.6 కిలోవాట్ అవర్లు, అంటే మన మీటరు లెక్కలో 13.6 యూనిట్లు. అమెరికా ప్రభుత్వం వేసిన లెక్క ప్రకారం ఒకసారి నింపితే 44 మైళ్లు, డెబ్బై కిలోమీటర్లు. ఆ కరెంటు అయిపోయాక మామూలు హైబ్రిడ్ లాగా గాలన్‌కు యాభై మైళ్ల చొప్పున పెట్రోలు మీద నడుస్తుంది. దారి మధ్యలో ఆగిపోతానేమోనన్న దిగులు లేకపోవడమే ఈ బండి చేసిన మేలు. ఎడిసన్ నుంచి ప్రిన్స్‌టన్ దగ్గరున్న మా ఆఫీసుకు రూట్ 1 మీద 20 మైళ్లు. పోనూ రానూ నలభై. నలభై నాలుగులో నలభై! ఆ రెండు అంకెలు పక్కపక్కన కనిపించాక ఇక నేను ఇంకేమీ ఆలోచించలేదు.

అప్పుడు మేముండేది అపార్ట్‌మెంటులో. పార్కింగులో ప్లగ్గు లేదు. ప్లగ్గున్న బండి కొనేవాడు ముందుగా చూసుకోవాల్సింది అదొక్కటే, నేను చూసుకోలేదు. నా భార్య అడిగింది కూడా. "రోజూ చార్జింగ్ ఎక్కడ పెడతారండీ?" అంటే, "ఎక్కడో అక్కడ దొరుకుతుందిలే" అన్నాను.

దొరికింది. ఇంటికి మైలు దూరంలో, కొట్ల ముందున్న పార్కింగులో. ఈ బండికి ఫాస్ట్ చార్జింగ్ ఉండదు. ఎంత పెద్ద చార్జరుకు తగిలించినా గంటకు మూడున్నర యూనిట్లకు మించి తీసుకోదు, ఖాళీ బ్యాటరీ నిండాలంటే నాలుగు గంటలు పడుతుంది. ఆఫీసు నుంచి వస్తూ బండి అక్కడ తగిలించి, ఇంటికి నడిచొచ్చి, అన్నం తిని, రాత్రి పదకొండు దాటాక మళ్లీ నడిచివెళ్లి తెచ్చుకునేవాణ్ణి. నిండిన తర్వాత కూడా అక్కడే వదిలేస్తే నిమిషానికింత అని అదనంగా పడేది, అందుకని ఆ వేళ తప్పిపోతుందేమోనని ఫోను చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. పాప పడుకునే ముందు కథ చెప్పేది నేనే. ఆ నెలల్లో చాలా రాత్రులు కథ సగంలో ఆపి లేచాను. మిగతా సగం వాళ్లమ్మ చెప్పింది. తర్వాత పాప నన్ను అడగడం మానేసింది. ఆ మానెయ్యడం నేను గమనించనైనా లేదు.

ఇంత శ్రమకు ప్రతిఫలంగా నేను కోరుకున్నది డబ్బు కాదు. బండి ఆపగానే ఆ ప్రయాణంలో ఎంత భాగం కరెంటు మీద సాగిందో తెర మీద కనిపిస్తుంది. నూటికి నూరు శాతం అని వస్తే ఆ రోజుకు గెలిచినట్టు. దాన్ని ఫోటో తీసి డాలస్‌లో ఉన్న స్నేహితుడికి పంపేవాణ్ణి. న్యూజెర్సీలో ఎవరి పెట్రోలు వాళ్లు పోసుకోకూడదు, 1949 నుంచి అది చట్టం. బంకులో మనిషే వచ్చి పోస్తాడు. ఆ మనిషి మొహం చూసి నెలలైందని ఆఫీసులో చెప్పుకునేవాణ్ణి. వినేవాళ్లు మెచ్చుకునేవారు. ఆ మెప్పు కోసమే నేను ఏదైనా చేయడానికి తయారైపోయాను.

పొగ తగ్గించాలన్న కోరిక నాకు నిజంగానే ఉంది, ఇప్పటికీ ఉంది. మా రాష్ట్రంలో తయారయ్యే కరెంటులో చాలా భాగం సహజవాయువు నుంచి, అణు కేంద్రాల నుంచి వస్తుంది. ఆ కరెంటు మీద నడిచిన మైలు పెట్రోలు మైలుకన్నా శుభ్రమైనదే. మేముండే ఊరికి పేరిచ్చిన థామస్ ఎడిసన్ కూడా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కరెంటు బండ్ల కోసమే నికెల్, ఇనుముతో బ్యాటరీ చేయడానికి ఏళ్ల తరబడి శ్రమపడ్డాడు. కోరికలో దోషం లేదు. కోరిక పక్కకు తప్పుకుని, దాని స్థానంలోకి అంకె వచ్చి కూర్చున్నా తెలుసుకోకపోవడం నాలోని దోషం.

డిసెంబరు వచ్చింది. చలికి బ్యాటరీలో రసాయనిక చర్య మందగిస్తుంది. పైగా లోపల వెచ్చబెట్టాల్సింది కూడా ఆ బ్యాటరీయే. పెట్రోలు బండిలో హీటరు వేడి ఊరికే వస్తుంది, ఇంజను ఎలాగూ వృథాగా వదిలేసే వేడి అది. కరెంటు బండిలో ప్రతి డిగ్రీకీ మైళ్లు కోసి ఇవ్వాలి. ప్రైమ్‌లో హీట్ పంపు ఉంటుంది. అది బయటి గాలిలో ఉన్న వేడినే లోపలికి తోడుతుంది కాబట్టి కరెంటు తక్కువ తింటుంది. చలి మరీ ముదిరితే అలా తోడే వేడి చాలదు. అప్పుడు హీటరు వేసినా, అద్దం మీద మంచు పోగొట్టే బటన్ నొక్కినా, బ్యాటరీ నిండుగా ఉన్నా సరే ఇంజను అందుకుంటుంది. మనుషులు వెచ్చగా ఉండాలి, దారి కనపడాలి, ఆ తర్వాతే మిగతావి అని దాన్ని చేసినవాళ్లు నిర్ణయించారు. నేను ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు.

హీటరు కట్టేశాను. కోటు, చేతి తొడుగులు, ఉన్ని టోపీ వేసుకుని నడిపేవాణ్ణి. రూట్ 1 మీద వేగంగా పోతే కరెంటు త్వరగా ఖర్చవుతోందని రూట్ 27 పట్టుకుని ఫ్రాంక్లిన్ పార్క్, కింగ్‌స్టన్ మీదుగా మెల్లగా వెళ్లేవాణ్ణి. అరగంటలో చేరే ఆఫీసుకు దాదాపు గంట. వేళ్లు కొంకర్లు పోయి, చేరాక కాసేపు కీబోర్డు మీద పని సాగేది కాదు.

అప్పుడే అమ్మా నాన్నా మనవరాలిని చూడ్డానికి తెనాలి నుంచి వచ్చారు.

నాన్న ఆర్టీసీ డ్రైవరుగా చేసి తెనాలి డిపోలో రిటైరయ్యారు. ఆర్టీసీలో డ్రైవరు పనితనాన్ని కొలిచే అంకె ఒకటుంది, కె.ఎం.పి.ఎల్. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు లాగాడన్నది. బస్సుకు అది ఐదు చిల్లర ఉంటుంది. ఆ చిల్లర దగ్గరే డ్రైవరుకూ డ్రైవరుకూ తేడా. బాగా తెచ్చినవాళ్లను మెచ్చుకుంటారు, తగ్గినవాళ్లను పిలిచి అడుగుతారు. ఇంధనం పొదుపుకు పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఇచ్చే అవార్డులు మన ఆర్టీసీకి వచ్చాయంటే, ఆ చిల్లర కోసం వేలమంది డ్రైవర్లు యాక్సిలరేటరు మీద పాదాన్ని అదుపులో పెట్టుకున్నారు కాబట్టి. ఆ మాట ఇంట్లో వింటూ పెరిగాను. పొదుపుగా బండి నడపడం మా ఇంటి విద్య, నేను దాన్ని కొనసాగిస్తున్నాను అనుకున్నాను. నాన్న చూసి సంతోషిస్తారని కూడా అనుకున్నాను.

జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి వాళ్లను తీసుకొస్తున్నప్పుడే ఆయన మొదటి తప్పు పట్టుకున్నారు. వెళ్లేటప్పుడు స్టేటెన్ ఐలండ్ మీదుగా హైవే మీద నా బ్యాటరీ అంతా ఖర్చయిపోయింది. వచ్చేటప్పుడు బెల్ట్ పార్క్‌వే మీద బండ్లు బారులు తీరి కదలక మెదలక ఉంటే, ఇంజను అందుకుంటూ ఆగుతూ ఉంది. పక్క సీట్లో కూర్చుని కాసేపు విన్నారు. బండి సంగతి అడిగి తెలుసుకున్నారు. తర్వాత అన్నారు: "సాఫీగా పోయే రోడ్డు మీద బ్యాటరీ వాడేసి, ఆగి ఆగి పోయే చోట ఇంజను తిప్పుతున్నావా? తిరగేశావు గదరా."

నిజమే. వేగం పెరిగేకొద్దీ గాలి ఒరిపిడి వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది, బ్యాటరీ చకచకా ఖాళీ అవుతుంది. ఒకే వేగంతో సాగే చోట ఇంజను తన మంచి పనితనం చూపిస్తుంది. ఆగి కదిలే ఊళ్లో మోటారుది పైచేయి, బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి కూడా రాబట్టుకుంటుంది. ఇందుకోసమే బ్యాటరీని దాచి ఇంజను మీద నడిపించే బటన్ బండిలో ఉంది. అది నొక్కితే తెర మీద నా శాతం పడిపోతుందని దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. ఎప్పుడూ ఈ బండి ఎక్కని మనిషి గంటలో గ్రహించింది నేను నెలల తరబడి కళ్ల ముందు పెట్టుకుని కూడా కాదన్నాను.

ఆ మాటతోనైనా ఆగాల్సింది.

ముక్కోటి ఏకాదశి నాడు తెల్లవారుజామున బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరాం. బయట సున్నాకు పది డిగ్రీలు కింద. నాన్న ముందు, అమ్మ వెనక. పాప నిద్రలో ఉందని నా భార్య ఇంట్లోనే ఉండిపోయింది. గుడికి పోయి రావడానికి సరిపడా కరెంటుంది. హీటరు వేస్తే ఇంజను అందుకుంటుంది. వేయలేదు.

"చలేస్తోందిరా, దీనికి హీటరు లేదా?" అంది అమ్మ.

"ఇప్పుడే వెచ్చబడుతుందమ్మా" అన్నాను. అది అబద్ధం. కన్నతల్లితో, పండగ పూట, గుడికి పోయే దారిలో ఆడిన అబద్ధం. ఆమె శాలువా చెవుల మీదికి లాక్కుని, "పర్లేదులే, ఎంతసేపు" అంది.

ముగ్గురి ఊపిరికీ అద్దం లోపలివైపు ఆవిరి పట్టింది. బటన్ నొక్కితే నిమిషాల్లో పోయేది. నేను చేతిరుమాలుతో ముందు కొంచెం తుడుచుకుని, ఆ కంతలోంచి చూస్తూ హైవే 287 మీద పోతున్నాను. ముందు లారీ వేగం తగ్గించింది. దాని వెనక ఎర్రదీపాలు అద్దం మీద ఆవిరిలో చెదిరిపోయి, ఎంత దూరంలో ఉన్నాయో అంచనా దొరకలేదు. తెలిసేసరికి బాగా దగ్గరికి వచ్చేశాం. బలంగా బ్రేకు తొక్కాను. బండి కొంచెం పక్కకు జారి రోడ్డు అంచున ఆగింది. పక్కన నాన్న కుడికాలు కూడా నేలను గట్టిగా తొక్కి పట్టి ఉంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు.

"ఆ అద్దం ఆవిరి పోయే బటన్ ఉందా దీనికి?" అని అడిగారు.

నొక్కాను. ఇంజను అందుకుంది. అద్దం తేటపడింది. వెచ్చటి గాలి వచ్చింది. అమ్మ వెనకనుంచి రెండు చేతులూ ముందుకు చాపింది.

"పనిచేస్తుంటే ఎందుకు వెయ్యలేదు?" అన్నారు నాన్న. చెప్పాను, ఇంజను అందుకోకూడదని. ఆయన కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కోపం లేకుండానే అన్నారు: "యాభై మందిని ఎక్కించుకుని తిరిగాను. కె.ఎం.పి.ఎల్. కోసం ఏ రోజూ అద్దం కనపడకుండా బస్సు నడపలేదురా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను ఇంటి విద్య అనుకున్నది వాళ్ల పొదుపులో సగం మాత్రమే. ఎక్కినవాళ్లను క్షేమంగా దించడమే పని, ఆ పని చేస్తూ మిగిల్చినదే పొదుపు అన్న మిగతా సగం నేను నేర్చుకోలేదు. అమ్మ నన్నేమీ అనలేదు. కానీ ఆ తర్వాత కొన్నాళ్లు ఎక్కడికైనా వెళ్దాం రమ్మంటే ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేది. మోకాళ్ల నొప్పులు పెరిగాయని నా భార్యకు చెప్పిందట, నాకు చెప్పలేదు.

మర్నాడు నాన్న కాగితం తీసుకుని లెక్క అడిగారు. నేను ఎన్నడూ వేయని లెక్క అది. వంద మైళ్లకు నా బండికి సుమారు 26 యూనిట్లు కావాలి. బయటి చార్జరు దగ్గర నేను కడుతున్నది యూనిట్‌కు 45 సెంట్లు. అంటే వంద మైళ్లకు పన్నెండు డాలర్లకు కొంచెం తక్కువ. అదే పెట్రోలు మీద అయితే వంద మైళ్లకు రెండు గాలన్లు, అప్పటి ధర గాలన్ మూడు డాలర్లు, ఆరు డాలర్లతో పోతుంది. నేను పొదుపు అనుకున్నది పెట్రోలుకు దాదాపు రెట్టింపు ఖర్చు! ఇంట్లో కరెంటు బిల్లు తీసి చూస్తే యూనిట్ ఇరవై సెంట్లు. ఇంట్లోనే ప్లగ్గు ఉండి ఉంటే వంద మైళ్లకు అయిదు డాలర్ల ఇరవై సెంట్లు అయ్యేది. పెట్రోలుతో పోలిస్తే మిగిలేది ఎనభై సెంట్లు. ఆ ఎనభై సెంట్లయినా నాకు మిగలలేదు. అవి మిగలకపోగా ఎదురు డబ్బు కట్టి, చలిలో నడిచాను, పాప కథలు వదులుకున్నాను, అమ్మను వణికించాను. కరెంటు, పెట్రోలు ధరలు రాష్ట్రానికొకలా ఉంటాయి కాబట్టి ఈ లెక్క అందరిదీ ఒకటే కాదు. ఎవరి బిల్లు పెట్టుకుని వాళ్లు వేసుకోవాల్సిన లెక్క.

ఇలాంటి బండ్ల విషయంలో రెండోవైపు తప్పు ఇంకా పెద్దది. యూరోపియన్ కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. 2021లో రిజిస్టరయిన బండ్లలోనే ఉన్న ఇంధన మీటర్ల లెక్కలు తెప్పించి చూస్తే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదులుతున్న కార్బన్ డయాక్సైడ్ ప్రయోగశాల అంకెకన్నా సగటున మూడున్నర రెట్లు ఉంది. జనం అనుకున్నంతగా చార్జింగ్ పెట్టకపోవడమే దానికి ముఖ్యకారణం. ప్రభుత్వం పన్ను తగ్గిస్తుందని కొని, కేబులు విప్పకుండా పెట్రోలు మీదే తిప్పేవాళ్లున్నారు. వాళ్లు ప్లగ్గును మరిచిపోయారు, నేను ఇంజన్ను నిషేధించాను. బండిలో సగాన్ని పనికిరానిదిగా చూడడంలో ఇద్దరమూ ఒకటే. అయితే వాళ్ల వల్ల గాలికి జరిగే హాని ఎక్కువ, అది తక్కువ చేసి చెప్పను.

ఇంజన్ను అసలు తిప్పకపోవడం దానికీ మంచిది కాదు. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి ఉంటే పాతబడుతుంది. ఏడాదికోసారైనా కొత్త పెట్రోలు పోయమని మాన్యువల్‌లోనే రాసి ఉంది. బండి కొన్నప్పుడు ఆ పుస్తకం తెరిచి చదివి ఉంటే, ఈ వ్యాసంలో సగం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

తర్వాత గ్యారేజీ ఉన్న ఇంటికి అద్దెకు మారాం. మామూలు గోడ ప్లగ్గుకే తగిలిస్తున్నాను. పూర్తిగా నిండడానికి పదకొండు గంటలు పడుతుంది, రాత్రంతా ఉంది కాబట్టి తొందరేమీ లేదు. పొద్దున్నే ప్లగ్గు తియ్యకముందే బండి లోపల వెచ్చబెడతాను. ఊళ్లో బ్యాటరీ, టర్న్‌పైక్ ఎక్కితే ఇంజను. చలి ముదిరిన రోజు ఇంజను దానంతట అది అందుకుంటుంది, నేను దాన్ని పట్టించుకోను. శాతం చూపించే తెర మార్చేశాను. బండి మాత్రం మొదటి రోజు ఎంత మంచిదో ఇప్పుడూ అంతే మంచిది. చెడగొట్టింది నేను.

ఇలాంటిది కొందామనుకుంటున్న మీకు నేను చెప్పేది ఇంతే. రోజూ రాత్రి బండి నిలిపే చోట మీదైన ప్లగ్గు ఉంటే కొనండి, రోజూ తగిలించండి. లేకపోతే ప్లగ్గు లేని మామూలు ప్రియస్ తీసుకోండి, అదీ గాలన్‌కు యాభై మైళ్లు ఇస్తుంది, మీ రాత్రులు మీకు మిగులుతాయి. ఏది కొన్నా, పెద్దవాళ్లు ఎక్కేముందే హీటరు వేసి ఉంచండి.